నార్మన్ పళ్ళెం

మొగుడు నార్మన్ పోయాక ఆ ఆదివారమే మేవిస్ మొదటిసారి ఒంటరిగా నడక బృందంతో బయల్దేరింది. అతను లేని తనను వాళ్ళు కలుపుకుంటారా లేదా అన్నదే ఆమె బెంగ. ఇంగ్లండులోని యార్క్‌షైర్ గొర్రెల పొలాలు దాటి పబ్బు చేరి, బురద బూట్లు గుమ్మంలో విడిచి, అందరూ బల్ల చుట్టూ కూర్చున్నారు. భోజనాలు ఎప్పటిలాగే బృందం పెద్ద ట్రెవర్ పొద్దున్నే ఫోన్లో చెప్పి ఉంచాడు; మేవిస్‌ది మాత్రం ఇదివరకు నార్మనే పబ్బుకొచ్చాక చెప్పేవాడు.

"లివర్ వేపుడు, ఉల్లిపాయలు లేకుండా. ఎవరికండీ?" అంది వడ్డించే పిల్ల.

అది నార్మన్ ఎప్పుడూ తినేది.

"నా మతి మండ! అలవాటుకొద్దీ వాడిది చెప్పేశాను," అని నాలిక్కరుచుకున్నాడు ట్రెవర్.

"మరి నాదేదీ?" అంది మేవిస్.

ట్రెవర్ తన పెళ్ళాం మొహం చూశాడు.

"ఇంతకీ ఇన్నేళ్ళూ నువ్వేం తినేదానివే?" అందావిడ.

బల్ల దగ్గర ఒక్కరికీ తెలియదు.

"ఇదే," అని అబద్ధమాడి, వాసనే గిట్టని ఆ లివర్‌ని ముందుకు లాక్కుని, మేవిస్ తలెత్తకుండా తింది.