తెర పక్కన దయానందం

మదనపల్లె మిషను కాంపౌండులో దయానందాన్ని ఎరగనివాళ్ళు లేరు. ఆసుపత్రి ఫార్మసీలో తెల్లకోటు వేసుకుని, జీవితమంతా మాత్రలు పొట్లాలు కట్టిచ్చి రిటైరయ్యాడు. దానికేం, అట్లాంటివాళ్ళు ఊరినిండా ఉన్నారు. ఆయన పేరు పదిమంది నోళ్ళలో నానింది వేరే సంగతివల్ల. ఏటా చర్చిలో జరిగే కోతపండుగ మరుసటి సాయంత్రం పక్క హాల్లో తెల్లటి తెర కట్టి ఒక ఇంగ్లీషు సినిమా వేస్తారు. ఆ తెర పక్కన స్టూలు మీద కూర్చుని, మైకు పట్టుకుని, సినిమా మొత్తం తెలుగులో చెప్పేది దయానందమే.

ఆసుపత్రిలో పనిచేసిన విదేశీ నర్సమ్మ ఒకామె తన దేశం వెళ్ళిపోతూ ఆ రీళ్ళు వదిలేసి పోయింది. తర్వాత సీడీ వచ్చింది, ఆ తర్వాత పెన్‌డ్రైవ్ వచ్చింది, సినిమా మాత్రం మారలేదు. దాని ఇంగ్లీషు పేరుకు ఎవరికీ నోరు తిరగదు. అందరికీ అది 'కూతుళ్ళ సినిమా'. ఎక్కడో చలిదేశంలో ఒక యూదుల పల్లె. ఒక పేద తండ్రి, పెళ్ళీడుకొచ్చిన కూతుళ్ళు. పెద్దది పెద్దలు కుదిర్చిన సంబంధం కాదని మనసుపడ్డవాణ్ణి చేసుకుంటుంది. రెండోది అసలు అనుమతే అడగదు. తండ్రి దేవుడితో పోట్లాడి, తనలో తాను గొణుక్కుని, చివరికి సరేనంటాడు. మూడోది వేరే మతం పిల్లవాణ్ణి చేసుకుంటుంది. అక్కడ మాత్రం ఆయన సరేననలేడు. ఆఖర్న రాజాజ్ఞ వచ్చి యూదులంతా ఊరు ఖాళీ చేసి పోతారు. ఇంతే కథ. కానీ ఆ పాటలు, ఆ పెళ్ళిలో గంతులు, ఆ గడ్డాల పెద్దల వాదులాటలు ఎన్నేళ్ళు చూసినా మొహం మొత్తేవి కావు.

బైబిలు పాత నిబంధనలోని మనుషులు పాటలు పాడుతుంటే చూడడం కాంపౌండు జనానికి మహా సంబరం. పెద్దలంతా చేరి వాదించుకునే చోట, "మన సంఘం కమిటీ మాదిరే ఉండాదే" అని పగలబడి నవ్వేవాళ్ళు. పొద్దుగూకేవేళ తల్లి దీపాలు వెలిగించి ప్రార్థన చేసే చోట చంటిపిల్లలు కూడా చప్పుడు చేసేవాళ్ళు కారు. తండ్రి ఆకాశంలోకి చూసి మాట్లాడినప్పుడల్లా దయానందం గొంతు మార్చి, "ఏం ప్రభువా, వానంతా పక్కూరికే పంపిస్తివే, మా ఊరి దోవ మర్సిపోయినావా?" అనేవాడు. అట్లాంటి మాట ఆ సినిమాలో ఉందో లేదో ఎవరికి కావాలి! పాటలొస్తే మాత్రం మైకు పక్కన పెట్టేసేవాడు. "పాటను తెలుగు చేస్తే సస్తాదప్పా, ఊరికే ఇనండి" అనేవాడు. అంతటి రసికుడు.

ఒక్కచోట మాత్రం ఆయన కథనే మార్చేసేవాడు. ఊరు వదిలిపోయే రోజున మూడో కూతురు మొగుడితో కలిసి చివరిచూపుకు వస్తుంది. సినిమాలో తండ్రి ఆమె ముఖమైనా చూడడు. సామాను కట్టుకుంటూ, ఎవరితోనో అన్నట్టు ఒక్క ముక్క దీవెన గొణుగుతాడు, అంతే. ఆ ముక్క దగ్గర దయానందం స్టూలు మీంచి లేచి నిలబడేవాడు.

"పో బిడ్డా. నువ్వు యాడుండినా నా బిడ్డవే. ఎవురి గుడికి పోయినా, ఎవురి కూడు తిన్యా, నీ పేరు నా ప్రార్థనలో ఉండాది. నా ఇంటి తలుపు నీకు మూసేది లేదు. నేను సచ్చిన దినం నా తలకాడ నువ్వే కూసోవాల."

తెరమీద ఆ తండ్రి ఎప్పుడో నోరు మూసుకుని తాడు బిగించుకుంటుంటే, ఇక్కడ మైకులో మాటలు ఇంకా సాగుతుండేవి. ఆడవాళ్ళు ముక్కులు చీదేవాళ్ళు. ఆసుపత్రిలో ఆయాగా చేసిన రెడ్డెమ్మ, చర్చి మనిషి కాకపోయినా, ఆ నాలుగు మాటల కోసమే ఏటా వచ్చి ముందు వరుసలో కూర్చునేది.

దయానందానికి, ఆయన భార్య విక్టోరియాకు ఒక్కగానొక్క కూతురు షారోన్. తల్లి ఒళ్ళో కూర్చుని ఆ సినిమా చూస్తూ పెరిగింది. హైస్కూలుకొచ్చి ఇంగ్లీషు వంటబట్టాక తండ్రి గుట్టు కనిపెట్టేసింది.

"నాయనా, ఆయప్ప అంత మాట్లాడలేదు గదా. ఒక్క మాటే అన్న్యాడు."

"అనింటే బాగుండు గదమ్మా" అన్నాడు దయానందం నవ్వుతూ. "ఆయప్పకు నోరు రాలేదు. నేను అంటాండా."

షారోన్ పొంగిపోయింది. మా నాయన మనసు ఇదీ అనుకుంది. ఆ పూట నుంచి ఆ నాలుగు మాటలు తనకోసమే చెబుతున్నాడని నమ్మింది. పిచ్చిపిల్ల, ఎవరి మాటను ఎంతవరకు నమ్మాలో తెలిసే వయసు కాదది.

చదువైపోయాక కుప్పంలో ఒక ప్రైవేటు కాలేజీలో ఇంగ్లీషు లెక్చరరుగా చేరింది. అక్కడే లెక్కలు చెప్పే వెంకటేష్‌తో మనసు కలిసింది. అతనిది పుంగనూరు దగ్గర పల్లె. టమోటా, వేరుశనగ పండించే రైతుల ఇల్లు. ఇంటినిండా దేవుడి పటాలు. అతని తల్లి రమణమ్మ మొదట నెత్తీనోరూ కొట్టుకుని, కొడుకు మొండితనం తెలిసినది గనుక, "మీ సావు మీరు సావండి" అని ఊరుకుంది. అదే ఆమె ఒప్పుకోవడం.

షారోన్ మదనపల్లె వచ్చి తండ్రి ఎదుట కూర్చుని సంగతి చెప్పింది. భయపడలేదు. ఎందుకు భయపడుతుంది, ఆ తండ్రి దగ్గర?

"నేను నా దేవున్ని ఇడిసిపెట్టేది లేదు నాయనా. వెంకటేష్ పటాలు ఆయనకు, నా బైబిలు నాకు. పుంగనూరు రిజిస్టరాఫీసులో చేసుకుంటాము. నువ్వు వచ్చి నా పక్కన నిలబడితే సాలు."

దయానందం ముఖం నల్లబడిపోయింది. ఆయన తాత నిమ్మనపల్లె వాడు. బాప్తిస్మం తీసుకున్నాడని కన్నతండ్రే కొట్టి తరిమేస్తే, కట్టుబట్టలతో మదనపల్లె నడిచొచ్చి మిషను పశువుల కొట్టంలో పడుకున్నాడు. ఆ ఇంట్లో ఆ కథకు బైబిలు వాక్యంతో సమానంగా విలువ.

"మీ ముత్తాత ఈ దేవుని కోసరం ఇల్లు ఇడిసె, అమ్మను ఇడిసె, నోటికాడి కూడు ఇడిసె. నువ్వు ఒక మగోని కోసరం ఆ దేవున్ని తీస్కపోయి పటాల పక్కన పెడతావా?"

"ఇడిసేది లేదంటాండా గదా. మరి నువ్వు ఏటేటా మైకులో చెప్తావే, ఆ మాటలు?"

"అది సినిమా" అన్నాడు దయానందం.

సినిమా అట! ఊరందరి చేత కన్నీళ్ళు పెట్టించి, ఆ చప్పట్లకు మురిసి ముక్కలై, కడుపున పుట్టినది అడిగేసరికి అది సినిమా అయింది. షారోన్ ఆ మాట నమ్మలేక తల్లి వైపు చూసింది. విక్టోరియా తలొంచుకుని కొంగు నోట్లో కుక్కుకుంది. పెళ్ళికి మదనపల్లె నుంచి ఒక్కరూ పోలేదు.

అంతటితో ఊరుకున్నా సరిపోయేది. దయానందం సంఘపెద్ద. సంఘంలో ఎవరైనా బయటి సంబంధం చేసుకుంటే చర్చిలో రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభుభోజనం జాబితాలోంచి పేరు తీసేసి ఆదివారం ఆరాధనలో చెప్పడం ఒక పాత కట్టుబాటు. దాన్ని ఎవరూ పట్టించుకోక చాలాకాలమైంది. దయానందమే తవ్వి తీశాడు. పాస్టరు జాకబ్ నెమ్మదస్తుడు, చెప్పి చూశాడు.

"దయానందమన్నా, ఎవురూ అడగలేదే. కొన్ని దినాలు పోనీలే."

"రూలు రూలే అయ్యగారూ. పెద్దనై ఉండి నా ఇంటి బిడ్డను నేనే ఊరికే ఇడిసిపెడితే, రేపు ఇంకొకర్ని ఏ మొగం పెట్టుకోని అడిగేది?"

ఆదివారం తనే లేచి, తనే మైకు తీసుకుని, కూతురి పేరు సంఘంలోంచి తీసేశామని చదివాడు. గొంతు వణకలేదు. మైకు అలవాటున్న గొంతు గదా! బయటికొచ్చాక నలుగురూ చుట్టూ చేరి, "విశ్వాసమంటే నీదప్పా" అని చేతులు పట్టుకున్నారు. దయానందం బాధపడ్డాడు, నిజమే. కానీ ఆ పొగడ్త తియ్యగా ఉన్న సంగతి కూడా నిజమే. విక్టోరియా మాత్రం ఆ పూట పొయ్యి వెలిగించలేదు.

కోతపండుగ వచ్చింది. దయానందం మామూలుగానే తెర పక్కన కూర్చున్నాడు. మూడో కూతురు వచ్చే చోట లేచి నిలబడి, నా ఇంటి తలుపు నీకు మూసేది లేదు అని మైకులో చెప్పాడు. ఆ నోట ఆ మాటలు ఎట్లా వచ్చాయో ఆ దేవుడికే తెలియాలి. జనం ఎప్పటిలాగే ఏడ్చారు. ఇదేమిటని ఒక్కరూ అడగలేదు. విక్టోరియా మధ్యలో లేచి ఇంటికి వెళ్ళిపోయింది.

మరుసటేడు కథ అడ్డం తిరిగింది. జాకబ్ కొడుకు సాగర్ బెంగుళూరులో కంప్యూటర్ ఉద్యోగం చేస్తాడు. పండక్కొచ్చినవాడు సినిమా కింద తెలుగు అక్షరాలు వచ్చేట్టు చేసి తెచ్చాడు.

"కంప్యూటరే తెలుగు చేసేసింది అంకుల్. మీకెందుకు శ్రమ, హాయిగా ముందు కుర్చీలో కూసోని సూడండి."

దయానందం చేతిలోని మైకు బల్లమీద పెట్టేశాడు. పైకి నవ్వి కూర్చున్నాడు. ఆ కంప్యూటర్ తెలుగు అన్నంలో రాళ్ళలాగా తగులుతూనే ఉంది. అయినా కథ తెలుస్తూ ఉంది. చదవడం రాని రెడ్డెమ్మ పక్కవాళ్ళను పొడిచి పొడిచి అడుగుతూ ఉంది. చివరికి ఊరు వదిలిపోయే రోజు వచ్చింది. మూడో కూతురు వచ్చింది. తండ్రి అటు తిరిగి గొణిగాడు. తెర కింద ఒక చిన్న వరస అక్షరాలు వచ్చి పోయాయి. బండి కదిలిపోయింది.

"అయిపాయనా? ఆ మాటలేవప్పా?" అంది రెడ్డెమ్మ గట్టిగా.

"అంతే అవ్వా. సినిమాలో అంతే ఉండాది" అన్నాడు సాగర్.

"అదేందప్పా, తలకాడ కూసోవాలని చెప్తాడు గదా ఆయప్ప!"

"అది దయానందం అంకుల్ కల్పించి చెప్పింటాడులే."

హాలంతా నవ్వింది. రెడ్డెమ్మ నవ్వలేదు. ఆమెకు వెటకారం చేతకాదు, మనసులో ఉన్నదే నోట్లోంచి వస్తుంది. దయానందం వైపు తిరిగి అడిగింది.

"సొంతంగా అంత బాగా చెప్పేకి వస్తాదే నీకు! మరి షారోనుకు యాల చెప్పకపోతివప్పా?"

సాగర్ వెళ్ళి ప్రొజెక్టర్ కట్టేశాడు. దయానందం ఎవరి వైపూ చూడకుండా ఇంటికొచ్చాడు. విక్టోరియా వెనకే వచ్చి చెప్పులు విడుస్తూ అంది: "సినిమాలో ఆ ముసలాయప్ప మొగం తిప్పుకోనైనా ఒక మాట అన్న్యాడు. నువ్వు అదీ అనలా. మైకు పట్టుకోని బిడ్డ పేరు కొట్టేస్తివి. ఆ దినం మీ తాతను తరిమిన ముసిలోడు గుర్తుకొచ్చె నాకు."

తన జీవితంలో దయానందం ఎవరినైనా అసహ్యించుకున్నాడంటే ఆ ముసిలోణ్ణే. ఆ మాటకు మనిషి కూలిపోయాడు. తెల్లవారాక స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, భార్యకు కూడా చెప్పకుండా బస్టాండుకు నడిచి కుప్పం బస్సెక్కాడు. పుంగనూరు దాటేదాకా కిటికీ బయట టమోటా తోటలే. కూతురు పెళ్ళి చేసుకున్న ఊరు చూసి కళ్ళు తుడుచుకున్నాడు. ఆమెను దగ్గరకు తీసుకోవాలని, తప్పయిందని చెప్పుకోవాలని నిజంగానే అనుకున్నాడు. దారి పొడుగునా ఏం చెప్పాలో పెదాలు కదిలిస్తూనే ఉన్నాడు.

కుప్పంలో వాళ్ళుండేది ఒక మేడమీద రెండు గదుల్లో. వెంకటేష్ తలుపు తీసి, ఒక్క క్షణం తడబడి, "రా మామా, లోపలికి రా" అన్నాడు. షారోన్ పరీక్ష పేపర్లు దిద్దుతూ ఉంది. తండ్రిని చూసి పెన్ను కింద పెట్టి లేచి నిలబడింది.

దయానందం గొంతు సవరించుకున్నాడు.

"బిడ్డా. నువ్వు యాడుండినా నా బిడ్డవే. ఎవురి గుడికి పోయినా, ఎవురి కూడు తిన్యా, నీ పేరు నా ప్రార్థనలో ఉండాది. నా ఇంటి తలుపు..."

ఎక్కడ ఆగాలో అక్కడ ఆగుతూ, ఎక్కడ గొంతు దించాలో అక్కడ దించుతూ చెప్పాడు. మొదటి మాటకు షారోన్ కళ్ళు నిండాయి. రెండో మాటకు చూపు గట్టిపడింది. చెయ్యెత్తి ఆపేసింది.

"ఇవన్నీ ఇన్న్యా నాయనా. పుట్టినప్పట్నుంచీ ఇంటానే ఉండా. ఇవి నమ్ముకోనే నీ కాడికొస్తి. ఇవి చెప్పిన నోటితోనే నా పేరు తీసేస్తివి. ఇంక ఇవి నాకొద్దు. నీ మాట ఒకటి చెప్పు. ఒక్కటి సాలు."

దయానందం నోరు తెరిచాడు. తప్పయిందమ్మా అంటే సరిపోయేది. ఆ మాట గొంతుదాకా వచ్చింది కూడా. అప్పుడే కళ్ళు గోడమీద పడ్డాయి. బైబిలు వాక్యాల క్యాలెండరు, దాని పక్కనే వెంకన్న పటం, పటానికి తాజాగా పెట్టిన చామంతిపూలు.

"యాల ఇట్ల సేస్తివమ్మా?" అన్నాడు. "మీ ముత్తాత బతికింటే నీ మొగం సూసునా?"

అన్నాక ఆయనకే తెలిసింది, ఏమన్నాడో. షారోన్‌కు కోపం కూడా రాలేదు. తల ఊపింది.

"ఇది మాత్రం నీ మాటే నాయనా" అంది. "పొద్దెక్కింది, బువ్వ తిని పో."

వడ్డించింది. ఆయన తలొంచుకుని తిన్నాడు. వెంకటేష్ బండి మీద బస్టాండు దాకా దిగబెట్టి, సీటు చూసి కూర్చోబెట్టి, "మళ్ళా రా మామా" అన్నాడు. ఆ మాట అనాల్సిన మనిషి మేడ మెట్లైనా దిగలేదు.