గుమ్మం మీది కలబంద

నా చిన్నప్పుడు, రాయపూర్ కొత్తగా రాజధాని అయిన రోజుల్లో, శంకర్ నగర్ వెనక సందులో మా అద్దె ఇంటి గుమ్మానికి ఒక కలబంద తలకిందులుగా వేలాడేది. ఇనుము కార్ఖానాలో నాన్న చెయ్యి కాలాక, అమావాస్య నాడు మా నానమ్మ దాన్ని వేళ్లతో సహా పెకలించి, పసుపు రాసి, దిష్టి తగలకుండా కట్టింది. మన్నూ నీళ్లూ లేకున్నా అది బతికింది. ఆకుల కొనలు వెలుతురు కోసం పైకి వంకర తిరిగాయి. అది పచ్చగా ఉన్నన్నాళ్లూ కొడుక్కి ఏమీ కాదని నానమ్మ నమ్మకం.

ఆ వేసవిలో ఎదురింటి భాభీ పసిబిడ్డకు జ్వరం పట్టుకుంది. పాలు మానేసింది, తర్వాత ఏడుపూ మానేసింది. ఆసుపత్రికి తీసుకెళ్లమని మా అమ్మ ఎంత చెప్పినా ఆ ఇంటివాళ్లు వినలేదు. ఊరి నుంచి బైగా, అంటే వాళ్ల భూతవైద్యుడు, వచ్చి మంత్రం వేస్తాడని కూర్చున్నారు. ఈలోగా, వాళ్ల గుమ్మానికి ఎదురుగా వేళ్లు పైకి పెట్టుకుని వేలాడే మా మొక్క మీద వాళ్ల కళ్లు పడ్డాయి.

ఒక మధ్యాహ్నం సందంతా మా వాకిట్లో ఉంది. "టోనహీ హై యే బుఢియా!" అని భాభీ అత్తగారు అరిచింది. చేతబడి చేసే ఆడదాన్ని అక్కడ అలా అంటారు. ఆ మాట పడ్డ మనిషిని ఏమైనా చేస్తారని నాకు అప్పటికే తెలుసు. అమ్మ గడియ పెట్టబోయింది. భాభీ మాత్రం అరవలేదు. తల వాల్చేసిన బిడ్డను భుజాన వేసుకుని, "ఉతార్ దో నా, అమ్మా" అని, చేసింది తీసెయ్యమంటూ నానమ్మ కాళ్ల దగ్గర కూలబడింది.

నానమ్మ స్టూలెక్కి తాడు కోసి మొక్కను దించింది. "హా, మై కియా" అంది, వచ్చీరాని హిందీలో. నేనే చేశాను, నేనే తీశాను, కానీ ఈ సందులో ఉంటే బిడ్డకు పట్టింది దిగదు, పొద్దు వాలేలోగా పెద్దాసుపత్రి గడప దాటించండి అంది. భాభీ భర్త ఆటో కోసం పరుగెత్తాడు.

"చెయ్యనిది చేశానన్నావేంటి?" అని నేను ఏడ్చాను.

"సెయ్యనేదంటే నమ్ముతారేట్రా? బైగా కోసం కూకుంటారు. పిల్ల పోతాది" అంది. ఆ సాయంత్రం షిఫ్టు దిగిన నాన్న సైకిల్ కనబడేదాకా, ఖాళీ గుమ్మంలోంచి ఆమె కదలలేదు.

బిడ్డ బతికింది. నానమ్మకు పడిన పేరూ బతికింది. ఆమె వస్తుంటే తల్లులు పిల్లల్ని లోపలికి లాక్కునేవాళ్లు. నేనూ ఆమెతో బజారుకు వెళ్లడం మానేశాను. ఆమె పోయాక కూడా, జనానికి జడిసి ఒప్పేసుకుందని నలుగురిలో నవ్వుతూ చెప్పాను. అది నిజం కాదు. ఆ రోజు ఆ సందులో భయపడనిది ఆమె ఒక్కతే అనీ అనలేను. భయపడుతూనే తాడు కోసింది.

ఆమె పగిలిన బకెట్లో నాటిన ఆ మొక్క పిలకే ఇప్పుడు మా బాల్కనీలో ఉంది. ఇల్లు మారినప్పుడల్లా వెంట తెచ్చుకుంటాను. గుమ్మానికి కడదామని మా ఆవిడ అంటే మాత్రం నాకు చేతులు రావు. తల ఎత్తి చూస్తే, ఆ ఖాళీ గుమ్మంలో కొడుకు కోసం సందు మొగ వైపు చూస్తూ నానమ్మ ఇంకా నిలబడే ఉంటుంది.