పరకాల అవతలి ఊరు

లీలావతి పెనిమిటి పేరు భూపాల్. దేవరుప్పులలో ఆ పేరు అందరూ పలుకుతారు, లీలావతి తప్ప. మొగని పేరు పెళ్లాం నోట వస్తే ఆయన ఆయుష్షు తగ్గుతుందని రఘునాథపల్లిలో పుట్టింటివాళ్లు నూరిపోసి పంపారు. ఆమె కూడా తక్కువదేం కాదు. రాసినా పలికినట్టేనని తనే ఇంకో కట్టుబాటు పెట్టుకుంది. "ఇగో" అంటే భూపాల్ పలకాలి. ఇంట్లో పదిమంది ఉన్నా ఆ "ఇగో" తనదేనని పోల్చుకోవాలి. పాపం, పోల్చుకునేవాడు.

ఈ పట్టింపు ఒకసారి ఆయన్ను జైలు నుంచి కాపాడింది. అరవైతొమ్మిది తెలంగాణ ఉద్యమం నాటికి భూపాల్‌ది కొత్త ఉద్యోగం, కొత్త పెళ్లి. ఆ రెంటినీ పక్కనబెట్టి జనగామ సడక్ మీద ఊరేగింపులో గొంతు పోయేదాకా అరిచాడు. మూడో రోజు పోలీసాయన ఒకడు ఇల్లిల్లూ తిరిగి పేర్లు రాసుకుంటూ వచ్చాడు. మొగని పేరేంటని అడిగితే లీలావతి తల వంచుకొని, "దేశాన్ని ఏలెటోడు ఉంటడు గద, గాయన పేరే" అంది. పోలీసాయన చాలాసేపు బుర్ర గోక్కుని "రాజు" అని రాసుకుని పోయాడు. నెల రోజులు రాజు కోసం వెతికారు. భూపాల్ మాత్రం బావి కాడి మామిడి నీడన దర్జాగా నిద్రపోయాడు. ఆమె అబద్ధమూ ఆడలేదు, పేరూ చెప్పలేదు.

ఆయన గ్రామసేవక్. విత్తనాల గురించీ ఎరువుల గురించీ చెప్పేవాడని పేరే గానీ, సర్కారుకు తోచిన ప్రతి పనీ ఆయన నెత్తిన పడేది. మహబూబాబాద్ వైపు బదిలీ అయ్యాక గూడూరు దగ్గర ఒక తండాలో ఓటర్ల లిస్టు రాయమన్నారు. ఆడవాళ్ల పేరు పక్కన మొగని పేరు ఉండాలి. చంద్రి అనే ఆమెను అడిగితే కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. ఆమె వెనక నిలబడ్డవాళ్లందరిదీ అదే వరస. అంతకుముందు వచ్చిన ఉద్యోగి కసురుకుని, చెప్పనివాళ్లను లిస్టులోంచే ఎగరగొట్టి పోయాడట. భూపాల్ నులకమంచం మీద చతికిలబడి టీక్యానా, గోప్యానా, వాల్యానా అంటూ ఒక్కో పేరే వదిలాడు. సరైనది తగలగానే తల ఊపాలి, అంతే. చంద్రి ఒక్కదానికే పంతొమ్మిది పేర్లు పట్టాయి. ఇరవయ్యోది హీర్యా అనేసరికి ఆమె తల ఊపింది. పొద్దు వాలింది, కడుపు కాలింది, ఆయన లేవలేదు. తండాలో ఒక్క ఆడమనిషి ఓటూ పోలేదు. ఇంత ఓపిక ఎక్కడిదని హీర్యా అడిగితే, ఇంట్లో అలవాటేనన్నాడు.

ఇంట్లో ఆయనకు ఇంకా చాలా అలవాట్లు ఉండేవి. లీలావతికి నలతగా ఉంటే కూతుళ్లిద్దరికీ తనే జడలు వేసేవాడు. ఒక జడ చెవి మీద, ఇంకో జడ వీపు మధ్యలో వచ్చేది. నాయిన వేసిన జడ అని పిల్లలు విప్పనిచ్చేవాళ్లు కాదు. బడిలో నవ్వారని తెలిసి భూపాల్ ఒక ఆదివారం కూర్చుని కొబ్బరి పీచు మీద సాధన చేశాడు.

సర్కారుకూ సరదా పుట్టిందేమో, డెబ్బై ఎనిమిదిలో ఆయన్ను తీసుకుపోయి భూపాలపల్లిలో వేసింది. మీ ఆయన ఇప్పుడు ఎక్కడమ్మా అని ఎవరడిగినా లీలావతి "పరకాల అవతలి ఊర్ల" అనేది. పిల్లల బడి కోసం ఆమె దేవరుప్పులలోనే ఉండిపోయింది. ఆయన పదిహేను రోజులకోసారి వచ్చి పోయేవాడు.

ఆ వానాకాలం ఆయన ఆఫీసు నుంచి ఒక కార్డు వచ్చింది. భూపాల్‌కు చలిజ్వరం, దవాఖానలో పడి ఉన్నాడు, ఎవరు పిలిచినా పలకడం లేదు, వెంటనే రమ్మని.  లీలావతి పిల్లలను అత్త కట్టమ్మకు అప్పజెప్పి బయలుదేరింది. ఊరి పేరున్న కార్డు వెంట ఉంటే చూపించవచ్చనుకుంది గానీ, కట్టమ్మ దాన్ని ఐదోసారి చదివించుకుంటూ చేతిలోంచి వదల్లేదు. బస్సు దాటిపోతుందని లీలావతి ఉత్త చేతులతో పరిగెత్తింది.

హన్మకొండలో బస్సు మారాక కండక్టర్ టికెట్ ఎక్కడికని అడిగాడు. పరకాల అవతలి ఊరికని చెప్పింది. ఆయన రేగొండకు టికెట్ కొట్టి చేతిలో పెట్టాడు. రేగొండలో దిగమంటే దిగలేదు. ఈ ఊరు కాదంది. మరే ఊరంటే, ఇంకా అవతల అంది. కాటారమా, మహదేవపూరా అని కండక్టర్ ఒక్కోటీ అడిగాడు. రేగొండ దాటగానే వచ్చే ఊరి పేరే ఎవరైనా దాస్తారని ఆయనకు తట్టలేదు. డ్రైవర్ విసుక్కుని ఇంజనే ఆపేశాడు. అక్కడ మనిషికి ఎట్లా ఉందో, ఇక్కడ తన మూలాన బస్సే ఆగిపోయిందని ఆమెకు ఏడుపొచ్చింది.

అప్పుడు వెనక సీట్లోంచి లస్మయ్య అనే ముసలాయన లేచాడు.

"కండక్టరు సారూ, ఆడిమనిషి ఊరు పేరు చెప్తలేదంటే, మొగడు ఆ ఊర్లనే కాదు, ఆ పేర్ల గూడ ఉన్నట్టు."

బస్సంతా ఒక్క క్షణం ఆలోచించి "భూపాలపల్లి" అని అరిచింది. లీలావతి తల ఊపింది. ఎవరో చప్పట్లు కొట్టారు. ఆమెకూ నవ్వొచ్చింది. ఎందుకు పోతున్నదీ గుర్తొచ్చి వెంటనే కళ్లు తుడుచుకుంది.

దవాఖానలో అరిచిపెట్టడానికి బస్సు లేదు. వరండాలో కంపౌండర్ ఒక్కడే ఉన్నాడు. జ్వరంతో బయటి ఊరివాళ్లు ఇద్దరు చేరారనీ, అందులో ఒకాయన పొద్దున చనిపోయాడనీ చెప్పాడు.

"ఇంకొకాయన లోపలున్నడు. మీ ఆయన పేరు చెప్పమ్మా, రిజిస్టర్ల జూడకుంట ఎవరినీ లోపలికి పంపరాదు."

దేశాన్ని ఏలేవాడని ఆమె అనలేదు. ఏ సైగా తోచలేదు. పేరు పలికితే ఆయుష్షు తగ్గుతుంది. పలకకపోతే అసలు ఆయుష్షు మిగిలిందో లేదో తెలియదు.

"భూపాల్" అంది. జవాబు చెబుదామనుకున్నది నోట్లోంచి కేకై వచ్చింది.

కంపౌండర్ ఇంకా రిజిస్టర్ తిప్పుతున్నాడు. లోపలి నుంచి సన్నగా "ఆఁ" అని వినిపించింది. కంపౌండర్ వేలు పేజీ మీదే ఆగిపోయింది. నాలుగైదు రోజులుగా డాక్టర్ పిలిచినా పలకని మనిషి.

లీలావతి లోపలికి పోయి మంచం పక్కన కూర్చుంది. ఆయన కళ్లు మళ్లీ మూతపడుతున్నాయి. "తగ్గేదుంటే నా ఆయుష్షుల తగ్గనీ" అని దేవుడికి గట్టిగానే చెప్పి, మళ్లీ పిలిచింది. ఆయన "ఆఁ" అన్నాడు. ఇక ఆపలేదు. మందు వేసినప్పుడు పిలిచింది, జావ తాపినప్పుడు పిలిచింది, ఊరికే కూడా పిలిచింది. పదేళ్లు దాచిన పేరు నాలుగు రోజుల్లో దులిపేసింది. పక్క మంచం మీది రోగి విసిగిపోయి, భూపాల్ నిద్రలో ఉంటే తనే "ఆఁ" అనేవాడు. జర మెల్లగా పిలవమని కంపౌండర్ బతిమాలాడు.

ఐదో రోజు పొద్దున జ్వరం దిగి, భూపాల్ దిండుకు ఆనుకుని లేచి కూర్చున్నాడు. ఆమె అలవాటుగా మళ్లీ నోరు తెరిచింది. ఆయన ఆమె చేయి పట్టుకున్నాడు.

"ఇగ చాలు లీలా" అన్నాడు. "ముసలోన్ని కావాలె గద. జర ఆయుష్షు మిగులనియ్యి."