గోడ బావ తలకి తాటినార తొప్పి

తమిళనాట మా కోవిల్‌పట్టి వైపు అప్పట్లో తలకి ఒక కొలత ఉంటుందన్న సంగతి ఎవరికీ పట్టేది కాదు. తలపాగాలు చుట్టుకునే ఊళ్ళో ఆ అవసరం ఏముంది? పెద్ద తలకి ఒక చుట్టు తక్కువ, చిన్న తలకి ఒక చుట్టు ఎక్కువ, అంతే తేడా. చెప్పులు కుట్టేవాడు కాలు చూపమనేవాడు, చొక్కాలు కుట్టేవాడు చెయ్యి చాపమనేవాడు, తలని మాత్రం ఎవరూ ఏమీ అడిగేవాళ్ళు కాదు. అలాంటి ఊళ్ళో ఒకే ఒక్క తలని కొలవడానికి ఎనిమిది రోజులు తీసుకున్న మనిషిని నేను. అప్పుడు నాకు పంతొమ్మిదేళ్ళు. పత్తి మిల్లులో బేళ్ళ పొడవు, వెడల్పు, ఎత్తు కొలిచి రాసే పని. బడి ఐదో తరగతితో ఆగిపోయింది కాబట్టి భిన్నాలు నాకు నేనే నేర్చుకున్నాను (ముప్పావులో సగం ఎంతో తేల్చుకోవడానికి ఒక బెల్లం అచ్చు ముక్కలు కోశాను, లెక్క తేలింది గాని బెల్లం మిగల్లేదు). జేబులో ఎప్పుడూ గుడ్డ టేపు ఉండేది. గుమ్మాలు కొలిచేవాణ్ణి, ఎద్దు కొమ్ముల మధ్య దూరం కొలిచేవాణ్ణి, ఒకసారి నిద్రపోతున్న మా మామ పొట్ట కూడా కొలిచి, ఆయన మేలుకుంటే టేపు జేబులో కుక్కుకుని బయటికి నడిచాను. ఊరంతా నన్ను 'అంగుళం' అని పిలిచేది.

మా ఊళ్ళో కుర్రాళ్ళకి హాకీ పిచ్చి. నల్లరేగడి ఎండి గట్టిపడిన మైదానంలో బంతి రాయిలా ఎగిరేది. మా అత్త కొడుకు, నాకన్నా రెండేళ్ళు పెద్ద, మా జట్టుకి గోలు కాసేవాడు. బంతి ఎటు వచ్చినా అడ్డం నిలబడతాడని అందరూ అతన్ని 'గోడ' అనేవాళ్ళు. నాకు గోడ బావ. ఒక సాయంత్రం ఆ గోడకి నుదుటి మీద బంతి తగిలింది. నాలుగు కుట్లు పడ్డాయి. అత్త ఏడవలేదు, అరవలేదు. బావ కర్రని తీసుకెళ్ళి జొన్నల గాదెలో నిలువునా పాతిపెట్టి, గాదె మూత మీద కూర్చుని చెప్పింది: "కాలు ఇరిగితే అతుకుతాది, చెయ్యి ఇరిగితే అతుకుతాది. మండ ఇరిగితే ఎవురు అతికేది? వాడు ఇంక ఆడేదానికి పోడు." (మండ అంటే మా వైపు తల.)

ఆ కుట్లు విప్పేనాటికి విరుదునగర్‌లో మాకు ఆట ఉంది. కిందటేడు అక్కడ నాలుగు గోల్స్ తిని, తిరుగు రైల్లో ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా వచ్చాం. బావ లేకపోతే గోలు కాయడానికి మిగిలినవాడు ఒక్కడే, వాడు బంతి దగ్గరికొస్తే కళ్ళు మూసుకుంటాడు. జట్టంతా అత్త ముందు వరసగా నిలబడి బతిమాలింది. ఆమె కదల్లేదు. అప్పుడు నేను, ఎందుకు నోరు తెరిచానో ఇప్పటికీ తెలియదు, "అత్తా, బావ తలకి అచ్చంగా సరిపోయే గట్టి తొప్పి చేయిస్తాను. నువ్వే పెట్టి చూడు. పెట్టినాక ఒక్క పిసరు కదిలినా పంపించొద్దు," అన్నాను. అత్త నన్ను పైనుంచి కిందికి చూసింది. "కదిలితే ఆ టేపు గాదెలో ఏసేస్తా. సరేనా?" అంది. సరేనన్నాను. నా టేపూ, విరుదునగర్ ఆటా రెండూ ఇప్పుడు ఒకే తల మీద ఆధారపడ్డాయి.

రైలు స్టేషన్ దగ్గర తాటినారతో పెట్టెలు అల్లే ఒక తాత ఉండేవాడు. ఆయన అల్లిన పెట్టె మీద మనిషి నిలబడినా సొట్ట పడదు. సంగతి చెప్పగానే ఆయన తమిళంలో అన్నాడు: "అల్లేదానికి లోపల ఒక అచ్చు కావాలి నాయనా. తల ఇక్కడ వదిలిపెట్టి పోతాడా మీ బావ?" బావ మూడు రోజులు అక్కడ కూర్చోవడం కుదరదు కాబట్టి, తలకి సమానమైన వస్తువు వెతకడం నా పని అయింది. బావ సిగ విప్పించి, కనుబొమ్మలకి రెండు వేళ్ళ పైన టేపు చుట్టి, మూడుసార్లు కొలిచాను. ఇరవై రెండున్నర అంగుళాలు. లోపల చుట్టూ పావు అంగుళం మందాన దూది పెట్టాలి; దానికి చుట్టుకొలతలో ఇంకో ఒకటిన్నర అంగుళం. మొత్తం ఇరవై నాలుగు. టేపు పట్టుకుని ఇంటింటికీ తిరిగి కుండలు కొలిచాను. పాలకుండలు, ఉప్పుకుండలు, ఒక ఇంట్లో పొయ్యి మీద ఉడుకుతున్న పులుసుకుండ కూడా ("ఏమిరా, కుండకి చొక్కా కుట్టిస్తావా?" అని ఆ ఇంటి అవ్వ గరిటె ఎత్తింది). పదిహేడో కుండ సరిగ్గా ఇరవై నాలుగు వచ్చింది. అది తాతకి ఇచ్చి, విజయం సాధించినవాడిలా ఇంటికొచ్చాను.

నాలుగో రోజు తొప్పి వచ్చింది. దూది పరిచి, పాతగుడ్డ కుట్టి, బావ తల మీద పెట్టాను. నుదురునీ వెనకనీ పట్టేసింది, చెవుల పైన మాత్రం రెండు పక్కలా వేలు దూరేంత సందు. అత్త ఒక వేలితో పక్కనుంచి తోసింది. తొప్పి బావ చెవి మీదికి ఒరిగింది. ఇంకో పక్కనుంచి తోసింది. ఈ చెవి మీదికి ఒరిగింది. బావ నా వైపు చూశాడు. నేను మళ్ళీ కొలిచాను. తల ఇరవై రెండున్నరే. తొప్పి లోపల, దూదితో సహా, ఇరవై రెండున్నరే. అంకెలు రెండూ ఒకటే అయినా తొప్పి సరిపోకపోవడం నా జీవితంలో అదే మొదటిసారి.

"నా కొడుకు తల కుండ అనుకుంటివా?" అంది అత్త. కోపంగా కాదు, జాలిగా. "పుట్టిన మూడో నాటినుంచి దినమూ ఆముదం పెట్టి, పక్కలు ఒత్తి, ఎనక నీవి పెంచిన తలరా అది. గుండ్రంగా ఉంటాదా? మా అత్త చూసి, పూసణికాయ మాదిరి ఎంత నీటుగా ఉండాదే అని మెచ్చుకొనె."

అప్పుడు వెలిగింది నాకు. రోజూ బేళ్ళకి మూడు కొలతలు రాసేవాణ్ణి, మనిషి తలకి ఒక్క చుట్టుకొలతతో సరిపెట్టాను. పరుగెత్తి రెండు చెక్కపలకలు తెచ్చాను. ఒకటి బావ నుదుటికి, ఒకటి వెనక్కి ఆనించి, అత్తని పట్టుకోమని, మధ్య దూరం కొలిచాను. ఏడూ ముప్పావు. తరవాత చెవుల పైన అటూ ఇటూ. ఆరున్నర. "నన్ను బేలు కడతా ఉండారా ఇద్దురూ?" అన్నాడు బావ పలకల మధ్యనుంచి. "కదలొద్దు," అన్నాం ఇద్దరం ఒకేసారి. దూదికి చెరో అర అంగుళం కలిపితే ఎనిమిదీ పావు, ఏడు. అలాంటి ఆకారం దేనికుంటుందో అత్త అప్పటికే చెప్పేసింది. పూసణికాయ, అంటే బూడిద గుమ్మడికాయ. మా వీధిలో ఇళ్ళ కప్పుల మీద ఉన్న కాయలన్నీ దించి కొలిచాను. ఒకటి మరీ పొడుగు, ఒకటి మరీ లావు, మిగతావి ఇంకా పిందెలు. రోజులు మూడే మిగిలాయి. దిగులుగా అత్త అరుగు మీద కూర్చున్నాను. ఆమె నా ముందు నిలబడి, తలెత్తి గుమ్మం వైపు చూసింది. అక్కడ ఉట్టిలో దిష్టికి కట్టిన కాయ వేలాడుతోంది. అడగడానికి నాకు నోరు రాలేదు. అత్తే పీట వేసుకుని ఎక్కి, కాయ దించి నా ఒళ్ళో పెట్టింది. "కొలువు," అంది. పొడవు ఎనిమిదిన్నర, వెడల్పు ఏడు. పొడవులో పావు అంగుళం ఎక్కువ. "ఆ పావూ ఎనక దూది పెట్టి నింపుతా," అంది అత్త. "ఇంటికి కాపలా ఉన్నిది చాలు. రొండు దినాలు వాడి మండకి ఉండనీ."

"మొన్న కుండ, ఇవాళ కాయ. రేపు తల తెస్తావేమో," అన్నాడు పెట్టెల తాత. కాని ఈసారి ఆయన చేతులు ఆగలేదు. తాటినార రెండు పొరలు అల్లి, వెనక సిగ పట్టడానికి గుప్పెడంత ఖాళీ వదిలాడు. గడ్డం కిందికి ఎద్దు మెడపట్టీ తోలు కత్తిరించి నేను కుట్టాను. ఆట ముందురోజు మధ్యాహ్నం అత్త దాన్ని బావ తల మీద పెట్టింది. వేలితో తోసింది. కదల్లేదు. అరచేత్తో తోసింది. కదల్లేదు. "సామి వచ్చినోడి మాదిరి ఆడించు మండని," అంది. బావ సిగ విడిపోయేదాకా తల ఆడించాడు. తల ఎటు పోతే తొప్పి అటు పోయింది. అత్త వెళ్ళి గాదెలో చెయ్యి పెట్టి కర్ర బయటికి లాగింది. జొన్నలు నేల మీద రాలాయి. "రేపు నేనూ వస్తా," అంది.

విరుదునగర్ మైదానం చుట్టూ మిరపకాయల మూటల ఘాటు. బావ తొప్పి పెట్టుకుని గోలు ముందు నిలబడగానే అక్కడి జనం నవ్వడం మొదలుపెట్టారు. "కరుప్పట్టి పెట్టె దేనికప్పా నెత్తిన? ఉండలు ఎన్ని ఉన్నాయి లోపల?" అని ఎవరో తమిళంలో అరిచారు (కరుప్పట్టి అంటే తాటిబెల్లం, అది నిజంగా అలాంటి పెట్టెల్లోనే వచ్చేది). బావ పట్టించుకోలేదు. మా వాళ్ళు ఎలాగో ఒక గోల్ కొట్టారు. ఆట ముగియడానికి కాస్త ముందు వాళ్ళ పొడుగాటి ఆటగాడు బంతిని పైకి లేపి కొట్టాడు. అది తిన్నగా బావ నుదుటి మీదికి వస్తోంది. అతను పక్కకి తప్పుకుంటే గోల్. తప్పుకోలేదు. డప్పు మీద కర్ర పడ్డట్టు చప్పుడైంది. బంతి ఎగిరి గీత అవతల మిరపమూటల్లో పడింది. నేను చూసింది బావని కాదు, తొప్పిని. అంచు ఇంకా కనుబొమ్మలకి రెండు వేళ్ళ పైనే ఉంది. నా పక్కన కూర్చున్న అత్త ఊపిరి వదిలి, వక్క నోట్లో వేసుకుని, అవతలి జట్టుకి వినపడేలా అంది: "ఇంగొకటి కొట్టమను."

ఇంకొకటి కొట్టే వ్యవధి వాళ్ళకి దొరకలేదు. తిరుగు రైల్లో నన్ను ఎవరూ అంగుళం అనలేదు. అందరూ వరసగా తమ తలలు కొలిపించుకున్నారు. మర్నాడు అత్త ఆ కాయని కూర వండలేదు, మళ్ళీ ఉట్టిలోనూ పెట్టలేదు. పొలంలో పాతించింది. గుమ్మానికి ఆటలేని రోజుల్లో తొప్పి వేలాడేది.

ఇప్పుడు అత్త లేదు. బావ సిగ ఎప్పుడో తీసేశాడు, మిగిలిన జుట్టు తనే రాలిపోయింది. ఈమధ్య వాళ్ళింటికి వెళ్ళినప్పుడు ఆ తొప్పి ఇంకా గుమ్మానికే ఉంది. బావ లోపల కాఫీ చెప్పడానికి వెళ్ళిన వేళ దాన్ని తీసి నా తల మీద పెట్టుకున్నాను. అది ముక్కు దాకా దిగింది. అప్పుడు గుర్తొచ్చింది, ఊళ్ళో ఇన్ని తలలు కొలిచిన నేను నా తల ఎన్నడూ కొలుచుకోలేదని. జేబులో టేపు ఉంది కదా, కొలిచాను. బావ తల కన్నా ఒకటింపావు అంగుళం తక్కువ. అడుగుల చప్పుడు వినిపించి, తొప్పిని మేకుకి తగిలించేసి, ఏమీ తెలియనట్టు కూర్చున్నాను. ఆ అంకె మాత్రం ఇంతవరకూ బావకి చెప్పలేదు.