తలుపు అవతల పదకొండు నెలలు

మా ఆయన ఒకసారి చచ్చి బతికాడు. ఈ మాట అంటే వినేవాళ్ళు ఏదో కష్టం గట్టెక్కాడు కాబోలు అనుకుంటారు. కాదు, నిజంగానే గుండె ఆగిపోయి మళ్ళీ కొట్టుకుంది. నేను పక్కనే ఉన్నాను.

పంతొమ్మిది వందల అరవైలు ముగిసే రోజులవి. ఆయన టెక్కలి తాలూకా కచేరీలో గుమాస్తా, నేను చిన్నబడిలో టీచర్ని. మా అత్తవారి ఊరు ఉద్దానంలో, సముద్రం హోరు వినబడేంత దగ్గర. అక్కడ మా అత్త, మరిది కొబ్బరి, జీడి తోటలు చూసుకుంటూ ఉండేవారు. మా అత్తకి పెద్దకొడుకంటే ప్రాణం. నాకూ ఆవిడకీ మాత్రం అంతగా పడేది కాదు. కొడుకుని నేను పట్నంలో తిండి పెట్టక ఎండబెడుతున్నానని ఆవిడ అనుమానం.

ఒకరోజు కచేరీలో గుండెలో నొప్పి అంటే తోటివాళ్ళు రిక్షాలో ఆసుపత్రికి తెచ్చారు. మర్నాటికి కాస్త తేరుకున్నాడు. కబురందుకుని మరిది కూడా వచ్చాడు. పొద్దున్నే మా ఆయన మంచం మీద పడుకుని, "బీరువా తాళాలు ఎవరికిచ్చా..." అంటూ మాట మధ్యలో ఆగిపోయాడు. కళ్ళు తెరిచే ఉన్నాయి. ఊపిరి లేదు.

విశాఖపట్నంలో చదువుకుని అప్పుడే ఉద్యోగంలో చేరిన కుర్ర డాక్టరు పరుగెత్తుకొచ్చాడు. నులకమంచం మీద వీలుకాదని మనిషిని నేల మీదికి దింపి, రెండు చేతులతో రొమ్ము మీద నొక్కడం మొదలుపెట్టాడు. అలాంటి వైద్యం ఒకటుందని మాకెవరికీ తెలీదు. పటపటమని ఎముకల చప్పుడు వినబడేసరికి నాకు ఒళ్ళు తెలియలేదు. టీచరమ్మననే సంగతి మరిచి, డాక్టరు చొక్కా పట్టుకు లాగాను. "సచ్చిపోయినోణ్ణి ఏటి సేత్తన్నావు బాబూ!" అని అరిచాను. డాక్టరు నా వైపు చూడనైనా లేదు. కాంపౌండరు మాత్రం, "అయిపోనాదమ్మా," అన్నాడు.

ఆ మాటే మరిది విన్నాడు. చావుకబురు తల్లికి సొంతవాళ్ళే చెప్పాలి, పరాయి నోట వినకూడదని వాళ్ళ ఊరి పట్టింపు. ఎవరో బస్సులో వెళ్ళేవాడు ముందే చెప్పేస్తాడన్న భయంతో అతను వెనక్కి చూడకుండా బస్టాండుకి పరుగెత్తాడు. అతను వెళ్ళాక మా ఆయన ఒక్కసారి గట్టిగా ఊపిరి పీల్చాడు. డాక్టరు చెమటలు కక్కుతూ నేల మీదే కూలబడి, "వచ్చాడు," అన్నాడు. తర్వాత నన్ను పక్కకి పిలిచి, ఇలా వెనక్కొచ్చిన వాళ్ళలో ఇంటికి నడిచి వెళ్ళేవాళ్ళు తక్కువనీ, వెళ్ళినా ఎన్నాళ్ళుంటారో తను చెప్పలేననీ దాపరికం లేకుండా చెప్పాడు.

ఊళ్ళో అప్పటికే పొయ్యి ఆర్పేశారు. కుండల్లో నీళ్ళు పారబోశారు. మా అత్త గుండెలు బాదుకుని ఏడ్చి, కట్టుబట్టలతో తలమీద నీళ్ళు పోసుకుంది. బతికాడన్న కబురు సాయంత్రం బస్సులో వెళ్ళింది.

మూడో రోజున మరిది ఒక్కడే వచ్చాడు. "అమ్మ రాదంట వదినా," అన్నాడు తల దించుకుని.

"ఏం, కొడుకు బతకడం ఇష్టం లేదా?"

"అది కాదొదినా. పోనాడని ఏడిసి తానం సేసేసినాది కదా. ఆ కళ్ళతో ఏడాది తిరిగీదాకా మొకం సూడకూడదంట. యముడి కాడోళ్ళు తీసుకుపోనామనే అనుకుంటన్నారు, నానెల్లి ఆళ్ళకి గుర్తు సెయ్యనంటాది."

నాకు ఒళ్ళు మండింది. ఎన్నాళ్ళుంటాడో తెలియని మనిషి దగ్గర ఏడాది గడువేమిటి? డాక్టరు చెప్పింది మరిదితో చెప్పి పంపాను. ఆవిడ మరింత బిగుసుకుపోయింది.

మూడు నెలల తర్వాత డాక్టరు ప్రయాణానికి సరేననగానే ఇద్దరం ఊరెళ్ళాం. మమ్మల్ని దూరం నుంచే చూసి ఆవిడ లోపలికి వెళ్ళి గడియ పెట్టేసుకుంది. ఆయన అరుగు మీద తలుపుకి వీపు ఆనించి కూర్చున్నాడు.

"అమ్మా, తలుపు తియ్యే."

"తియ్యను నాయినా. అన్నం తింతన్నావా?"

"తింతన్నానే."

"సిక్కిపోనావా?"

"నువ్వే సూసి సెప్పు."

"ఏడాది కానీరా. ఆ రోజు నానే వత్తాను. ఒళ్ళో ఎట్టుకుంటాను," అంది.

"తలుపు పగలగొడతానత్తా," అని నేను లేచాను. ఆయన నన్ను కసిరాడు. అమ్మ భయం అమ్మది, ఉండనీ అన్నాడు. పొద్దు వాలేదాకా తల్లీ కొడుకూ ఆ తలుపుకి చెరోపక్కా కూర్చుని కొబ్బరి దింపుల గురించి, ఆవు ఈనడం గురించి మాట్లాడుకున్నారు.

ఆ తర్వాత వారం వారం మా అత్త మరిది చేత పనసపొట్టు కూర, జీడిపప్పు పంపేది. నేను విసురుగా ఖాళీ గిన్నె కడిగి తిప్పి పంపేదాన్ని.

పదకొండో నెలలో ఒక ఉదయం ఆయన గడ్డం గీసుకుంటూ పెరట్లో పడిపోయాడు. ఆ డాక్టరు అప్పటికే బదిలీ అయిపోయాడు. నేను చూసింది గుర్తు తెచ్చుకుని నా రెండు చేతులతో నొక్కాను. ఎంతసేపు నొక్కానో ఇరుగుపొరుగు వచ్చి లాగేసేదాకా తెలియలేదు. ఫలితం లేకపోయింది.

ఈసారి మా అత్త వచ్చింది. కొడుకు తలని ఒళ్ళో పెట్టుకుని, గీసిన చెంప, గీయని చెంప తడుముతూ కూర్చుంది. "ఇప్పటికి తీరిందా?" అని అందరిలో అనేశాను. ఆ మాట అన్నందుకు ఈనాటికీ సిగ్గుపడుతున్నాను. ఆవిడ ఆ చెంపలు తడుముతూనే ఉంది.

కర్మలన్నీ అయ్యాక, చుట్టాలు వెళ్ళిపోయిన మధ్యాహ్నం, మా అత్త వచ్చి నా పక్కన చాప మీద కూర్చుంది.

"పిల్లా, ఈ పదకొండు నెల్లూ నువ్వు సూసినావు. నాకు సెప్పు. ఏటి తిన్నాడు, ఏటి మాటాడినాడు... ఒక్కటీ ఒగ్గీకు."

కోపమంతా ఎటు పోయిందో నాకే తెలియదు. ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చిన రోజుతో మొదలుపెట్టాను. రిక్షా దిగి తనే నడుస్తానన్నాడనీ, గుమ్మంలో ఎదురింటావిడ ఏదో అంటే నవ్వాడనీ చెప్పాను.

ఆవిడ నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఎలాగ నవ్వినాడు?"

చెప్పడం చేతకాక, ఆయనలాగే నవ్వి చూపించబోయాను.