పైచుక్క కిందికి, కిందిచుక్క పైకి

ఆ రోజుల్లో మా పాతబస్తీ ఇళ్లలో గోడకు వేలాడే పటాలు రెండే రకాలు: దేవుళ్లవి, పోయినవాళ్లవి. అందుకే ఒకాయన తాను గీసిన బొమ్మలను గోడలకు తగిలించి, చూడటానికి జనాన్ని పిలిచి, పైగా చాయ్ కూడా పోయిస్తాడని నేను చెబితే మా గల్లీలో ఒక్కరూ నమ్మలేదు. (మా అమ్మయితే చేతిలో చాట పక్కన పెట్టి, "అయ్యో, ఎవరు పోయిండ్రు బిడ్డా?" అంది.) దాన్ని ఎగ్జిబిషన్ అంటారని ఆమెకు చెప్పాను. ఎగ్జిబిషన్ అంటే జెయింట్ వీల్ ఉండాలి కదా అని ఆమె రెండో అనుమానం.

అప్పటికి నాకు ఇరవై ఏళ్లు. ఏడో తరగతిలో బడి నన్ను వదిలిందో, నేనే బడిని వదిలానో ఇప్పటికీ తేలలేదు కానీ, ఇద్దరం సుఖంగానే విడిపోయాం. పత్తర్‌గట్టిలో ఒక ఉస్తాద్ దగ్గర బోర్డులు రాసే పనిలో చేరాను. తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషు మూడూ చదవడం వచ్చింది, అక్షరం జానెడు ఎత్తుంటేనే సుమా. పేపర్లో అక్షరాలు నాకు చీమల బారులాగే కనిపించేవి. ఉస్తాద్ అన్ని తప్పులూ క్షమించేవాడు గానీ ఉర్దూ అక్షరాల చుక్క తప్పితే మాత్రం కుంచె వెనక్కి తిప్పి వేళ్ల మీద ఒక్కటిచ్చేవాడు. చుక్క కూడా తెలుగు సున్నాలా గుండ్రంగా ఉండకూడదు, పతంగిలా పలకగా పడాలి. "నుక్తా గయా తో ఇజ్జత్ గయీ, బేటా" అనేవాడు. చుక్క పోతే పరువు పోయినట్టేనట. ఆ మాట నన్ను ఎంతవరకు తీసుకెళ్లిందో ఇప్పుడు చెబుతాను.

బొమ్మలాయన కృష్ణా జిల్లా నుంచి వచ్చిన సర్కారీ ఆఫీసరు. ఆఫీసులో కుటుంబ నియంత్రణ పోస్టర్లు గీసేవాడు, ఆదివారాలు మా గల్లీల్లో స్టూలు వేసుకుని మమ్మల్ని గీసేవాడు. మేమంతా ఆయన్ని సారు అనేవాళ్లం. రెండేళ్లలో ముప్పై బొమ్మలయ్యాయి. పట్నం మారిపోతోంది, మనమెవరం, ఏమైపోతున్నాం అనేది వాటి సారాంశమని ఆయనే చెప్పాడు. (మేమెవరమో మాకు తెలుసు, ఏమైపోతున్నామనే సంగతే ఎప్పుడూ ఆలోచించలేదు.) ఒక పాత నవాబుల దేవిడీలో హాలు మాట్లాడుకుని, వాకిట్లో బోర్డూ బొమ్మల కింద పేర్లూ రాసే పని నాకిచ్చాడు. ఇచ్చి ఇంకో మాట కూడా అన్నాడు: "ఏవోయ్, ఈ పని సవ్యంగా చేసిపెట్టావంటే మా ఆఫీసులో బోర్డులు రాసే పోస్టొకటుంది, నిన్ను వేయిస్తాను." సర్కార్ నౌకరీ! ఆ సాయంత్రమే మా అమ్మ గల్లీ అంతా చక్కెర పంచేసింది. ఇక ఆ పని సవ్యంగా చేయడం తప్ప నాకు వేరే దారి లేదు.

ప్రదర్శన మొదలయ్యే రోజు పొద్దున్నే హాలుకు వెళ్లి పేర్ల అట్టలు తగిలిస్తూ అన్నిటికన్నా పెద్ద బొమ్మ ముందు ఆగిపోయాను. మా వెనక గల్లీలోని వడ్రంగి చాచా దుకాణం అది. పక్కనే తళతళలాడే స్టీలు బీరువాల షాపు, ఇటు అరుగు మీద రంపం ఒళ్లో పెట్టుకుని చాచా. తలుపు పైన తాతల నాటి ఉర్దూ బోర్డు. అందులో 'నజ్జార్' అని ఉండాలి, వడ్రంగి అని అర్థం. మొదటి అక్షరానికి పైన చుక్క, రెండోదానికి కింద చుక్క. సారుకు ఉర్దూ రాదు కాబట్టి బోర్డును కూడా బొమ్మలాగే గీశాడు, గీయడంలో పైచుక్క కిందికి, కిందిచుక్క పైకి వెళ్లాయి. అంతే, నజ్జార్ కాస్తా 'బుఖార్' అయి కూర్చుంది. అంటే జ్వరం. పాపం చాచా జ్వరాల దుకాణం ముందు కూర్చుని ఉన్నాడు!

సారుకు చెబుదామా అనుకున్నాను. ఉద్యోగం ఇస్తానన్న పెద్దమనిషికి నీ బొమ్మ తప్పు అని ఎలా చెప్పడం? చెప్పకపోతే సాయంత్రం వచ్చేవాళ్లలో సగం మంది ఉర్దూ చదివినవాళ్లు, చాచా కూడా వస్తున్నాడు. ఆలోచించగా, చెప్పకుండా దిద్దేయడమే సేవ అనిపించింది. సంచీలోంచి ఎనామిల్ డబ్బాలు తీసి, రెండు చుక్కలు మూసేసి, రెండు చుక్కలు పెట్టాను. పతంగుల్లా పలకగా పడ్డాయి. ఉద్యోగం ఖాయమనుకుంటూ హోటలుకెళ్లి పొద్దుటి నిహారీ, రొట్టె తిన్నాను.

సాయంత్రం హాలు నిండిపోయింది. ముఖ్య అతిథి ఒక రిటైరైన ఉర్దూ ప్రొఫెసరు. (ఆయన కళ్లద్దాల మందం చూసి మేం సోడాబుడ్డి సాబ్ అనుకున్నాం.) అప్పుడు తెలిసింది నాకు అసలు సంగతి. ముందురోజు నేను మేకుల కోసం బేగంబజార్ వెళ్లినప్పుడు ఆయన వచ్చి బొమ్మలన్నీ చూసిపోయాడట. బోర్డు మీద బుఖార్ చదివి, ఈ పట్నానికి పట్టిన కొత్త జ్వరాన్ని ఎంత లోతుగా పట్టుకున్నారండీ అని సారును కౌగిలించుకున్నాడట. సారు కాదనలేదట. ఎవరైనా కౌగిలించుకుని మెచ్చుకుంటే మీరైనా కాదంటారా?

ఇప్పుడాయన మైకు ముందు ఆ జ్వరం గురించే అందుకున్నాడు. స్టీలు జ్వరం, సినిమా జ్వరం, భాషల జ్వరం, పావుగంట సాగింది. చివరికి చేయి చాచి, అదిగో ఆ ఒక్క మాటలో చిత్రకారుడు మనందరి నాడి పట్టాడు, చదవండి అన్నాడు. అందరూ తలలు తిప్పి 'నజ్జార్' అని చదివారు. హాల్లో గుసగుసలు లేచాయి. వెనక వరసలోంచి వడ్రంగి చాచా లేచి చాలా వినయంగా, "బుఖార్ ఎవరికొచ్చింది సాబ్? అది నా దుకాణమే గదా" అన్నాడు.

సోడాబుడ్డి సాబ్ బొమ్మ దగ్గరికి వెళ్లి, కళ్లద్దాలు తుడుచుకుని చూసి, సారు వైపు తిరిగి, నిన్న బుఖార్ అని ఉంది కదా అని అడిగాడు. సారు ముఖం సున్నం కొట్టిన గోడలా అయింది. నా సర్కార్ నౌకరీ కిటికీలోంచి ఎగిరిపోవడం నేను కళ్లారా చూశాను. ఎటూ పోయేదే పోయింది కదా అని నోరు తెరిచాను.

"కల్ తక్ బుఖార్‌ఇచ్ థా సాబ్. సుబే ఉతర్ గయా."

నిన్నటిదాకా జ్వరమే ఉంది, పొద్దున దిగిపోయింది అన్నానన్నమాట. అందరికన్నా ముందు నవ్వినవాడు సోడాబుడ్డి సాబే. నవ్వీ నవ్వీ కళ్లద్దాలు మళ్లీ తుడుచుకున్నాడు. ఆ నవ్వుల్లో సారు గండం గట్టెక్కాడు.

జనం వెళ్లిపోయాక సారు నన్ను పిలిచాడు. తిడతాడనుకున్నాను. "రెండేళ్లు గీశాను, ఆ బోర్డు ఒక్కరోజూ చదివించుకోలేదోయ్" అన్నాడు. ఆ తర్వాత నా భుజం తట్టి, "కానీ నువ్వు మా ఆఫీసుకొద్దు. నిన్ను తెచ్చి కూర్చోబెడితే పై ఆఫీసరు ఫైళ్లు కూడా దిద్దేస్తావు" అన్నాడు. చక్కెర పంచిన గల్లీలోంచి మా అమ్మ నెలరోజులు తలొంచుకునే నడిచింది. చాచా మాత్రం తన అసలు బోర్డుకు కొత్త రంగు వేసే పని నాకే ఇచ్చాడు.

మొన్నామధ్య కరెంటు మీటరు పని మీద ఒక ఆఫీసుకు వెళితే మెట్ల పక్కన గోడకు ఆ బొమ్మ కనబడింది. మా గల్లీలో ఇప్పుడు చాచా లేడు, స్టీలు బీరువాల షాపూ లేదు, బోర్డులు రాసే కుంచె నా చేతిలోనూ లేదు. దగ్గరికి వెళ్లి చదివాను. పైచుక్క కింద, కిందిచుక్క పైన. గుండ్రంగా, తెలుగు సున్నాల్లా. సారు మళ్లీ మార్చేశాడన్నమాట! ఆ పొగడ్త మీద మనసు చావలేదు కాబోలు. జ్వరం తిరగబెట్టింది.

జేబులో బాల్‌పెన్ను ఉంది. చేయి అటే పోయింది. ఆనాటి ఇరవై ఏళ్లవాడైతే దిద్దేసి నిహారీకి వెళ్లిపోయేవాడు. నేను పెన్ను జేబులోనే వదిలేసి, ఎవరూ చూడటం లేదని నమ్మకం కుదిరాక, ఆ బోర్డు మీద చేతి వెనకభాగం ఆనించి చూశాను. పడమటి ఎండ పడే గోడ కాబోలు, కాస్త వెచ్చగానే తగిలింది.