రైలెక్కి వచ్చిన నెట్టు

మొన్న తాండూరులో అక్క వాళ్లింట్లో చాయ్ తాగుతుంటే నా ఫోన్ తనంతట తానే కొత్త సిస్టం దించుకుని, ఆరిపోయి, మళ్లీ వెలిగింది. చాయ్ ఇంకా వేడిగానే ఉంది. పక్కనే ఉన్న బావ ఫోన్ కూడా అప్‌డేట్ చేయమంటారా అని అడిగింది. బావ 'తర్వాత' అన్న చోట నొక్కి ఫోన్ బోర్లించాడు. ఏళ్ల తరబడి ఇదే వరస అని అక్క విసుక్కుంది కానీ, అలా ఎందుకు చేస్తాడో మా ముగ్గురికీ తెలుసు.

ఒకప్పుడు బస్టాండు దగ్గర బావకు ఇంటర్నెట్ సెంటర్ ఉండేది. ఊరంతా చేసినట్టే తనూ కాపీ సీడీతో విండోస్ ఎక్కించి నడిపేవాడు. దానికి వారానికో వైరస్. జనం తెచ్చిన పెన్‌డ్రైవ్‌లన్నీ ఆ జబ్బు అంటించుకుని వెళ్లేవి. చివరికి బావకు రోషం వచ్చింది. "దొంగ సీడీలు నా దుకాణంల వద్దు. విండోస్‌కు బదులు లినక్స్ ముఫత్‌ల దొరుకుతది, గదే పెడ్త," అన్నాడు. దొరకడం ఉచితమే, దాన్ని దించుకోవడానికే నెట్టు చాలదు. ఒక పేజీ తెరుచుకునేలోపు మనిషి బయటికెళ్లి మిర్చి బజ్జీలు తిని రావచ్చు. అందుకని ఆ పని నా నెత్తిన పడింది. వికారాబాద్‌లో నేను పనిచేసే ఆఫీసులో లైను కాస్త నయం. పొద్దున ఫైళ్లు దించడానికి పెట్టి, సాయంత్రం పెన్‌డ్రైవ్‌ను టిఫిన్ డబ్బా పక్కన సర్దుకుని తాండూరు రైలెక్కేదాన్ని. "మాకు నెట్టు తీగెల రాదు, మా మరదలు సంచిల వస్తది," అని బావ అందరితో అనేవాడు. తెలుగు అక్షరాలు ఒక ప్రయాణంలో వచ్చాయి, ప్రింటర్‌ను పనిచేయించే ఫైళ్లు ఇంకో ప్రయాణంలో. అన్ని మిషన్లలోంచీ విండోస్ తీసేసిన రోజు బావ స్వీట్లు పంచాడు. ఒక్కదాంట్లోనైనా ఉంచమని అక్క అంటే నవ్వేశాడు.

ఇంజినీరింగ్ సీట్లకు కాలేజీలు ఎంచుకునే ఆఖరి రోజున కరణ్‌కోట నుంచి ఒక అమ్మాయి వచ్చింది. తండ్రి సున్నపురాయి గనిలో కూలీ. మంచి ర్యాంకు, సైటులో కాలేజీల పేర్లు పెడితే సీటు వచ్చినట్టే. సైటు తెరిస్తే, విండోస్‌లో ఉండే బ్రౌజర్‌లో తప్ప పనిచేయనంది. పేద పిల్లలు కూడా వాడుకోవాల్సిన సైటుకు, డబ్బు పెట్టి కొనాల్సిన సిస్టమే కావాలట. దాన్ని అలా కట్టినవాళ్ల మీద నాకు ఇప్పటికీ కడుపు మండుతుంది. మిగతావాళ్లు లేచి ఎదురుగా ఉన్న సెంటర్‌కు వెళ్లిపోయారు. ఆ అమ్మాయీ లేచింది. బావకు పౌరుషం అడ్డొచ్చింది. "కూసో బిడ్డా, గా బ్రౌజర్‌ను లినక్స్‌ల నడిపిచ్చే ప్రోగ్రాం ఉంది. దించుకుంటే అయిపాయె," అన్నాడు. సెలవు కాబట్టి నేనూ అక్కడే ఉన్నాను. తెర మీద గీత చీమలా పాకి చివరిదాకా వచ్చింది, లైను తెగింది, మళ్లీ మొదటికొచ్చింది. "జర ఆగు," అన్నాడు. రెండోసారి కూడా తెగాక తనే ఆమెను ఎదురు సెంటర్‌కు తీసుకెళ్లి వరసలో నిలబెట్టాడు. వంతు వచ్చేసరికి ఐదు దాటింది, సైటు మూసేశారు. ఆ అమ్మాయి ఏడవలేదు. "ఫికర్ చేయకు చాచా, నువ్వు మస్తు కష్టపడ్డవ్," అని బావనే ఓదార్చింది.

ఇంకో ఏడాది ఇంట్లో కూర్చోబెట్టి చదివించే స్థోమత లేక తండ్రి ఆమెను నాపరాళ్ల పాలిషింగ్ యూనిట్‌లో పనికి పెట్టాడు. ఆమె మళ్లీ పరీక్ష రాయలేదు. సైటు మూసేసిన మర్నాడే బావ అన్ని మిషన్లలో కాపీ సీడీ ఎక్కించాడు కానీ, ఆ అమ్మాయి కూర్చున్న కుర్చీలో ఎవరు కూర్చున్నా ఆయనకు మనసు కుదిరేది కాదు. కొన్నాళ్లకు సెంటరే తీసేశాడు. బజారులో కనబడితే ఆమె ఇప్పటికీ "సలాం చాచా" అంటుంది. ఆమె తిట్టి ఉంటే బాగుండేదని బావ అక్కతో ఒకసారి అన్నాడట.

ఫోన్ రోజూ ఓపిగ్గా అడుగుతుంది, తెర మీద పాకే ఆ గీతను మళ్లీ చూడలేక బావ రోజూ 'తర్వాత' నొక్కుతాడు, అది సరేనంటుంది. ఆ సాయంత్రం ఐదు గంటలకు ఆ పిల్లకు నొక్కడానికి అలాంటి మాటేదీ తెర మీద లేదు.